హైస్కూల్ పిల్లలకి కాలుష్యం పాఠం: నిర్వచనాలు పక్కనపెట్టి, ఒంట్లోకి వచ్చే దారి నుంచి చెప్పండి

కాలుష్యం అనగానే మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తారు, వాయు కాలుష్యం జల కాలుష్యం నేల కాలుష్యం ధ్వని కాలుష్యం, కారణాలు అయిదు, నివారణ అయిదు, చెట్లు నాటాలి ప్లాస్టిక్ వాడొద్దు, అయిపోయింది, నాలుగు మార్కులు వచ్చేశాయి. అదే పిల్లాణ్ని మీ ఇంట్లో తాగే నీళ్లు ఏ బోరువిరా, అందులో ఏముందో ఎప్పుడైనా ఎవరైనా చూశారా అని అడగండి, తెల్లమొహం వేస్తాడు. వాడి తప్పేం లేదు. మనం పాఠాన్ని ఎప్పుడూ ఫ్యాక్టరీ పొగగొట్టం బొమ్మ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తాం, ఆ పొగ మనిషి ఒంట్లోకి ఎలా వచ్చింది, ఎంత వచ్చింది, వచ్చి ఏం చేసింది అనేదాకా వెళ్లనే వెళ్లం.

ఇది ఎనిమిది తొమ్మిది పది తరగతులకి సైన్స్ చెప్పేవాళ్ల కోసం రాస్తున్నా, లెక్కల సార్లు సోషల్ మేడమ్‌లు కలిస్తే ఇంకా బాగా నడుస్తుంది. నేను ఉండేది నల్గొండ వైపు కాబట్టి ఉదాహరణలు ఎక్కువ ఇక్కడివే వస్తాయి, మీరు మీ ఊరివి పెట్టుకోండి. వైజాగ్ వాళ్లకి పోర్టు దుమ్ము ఉంది, గుంటూరు వాళ్లకి మిర్చి మందులున్నాయి, సరుకుకి కొదవ లేదు.

మొదటి పీరియడ్‌లో బోర్డు మీద నాలుగే ప్రశ్నలు రాయండి. ఏది? ఎక్కణ్నుంచి? ఏ దారిన ఒంట్లోకి? ఎంత? సంవత్సరం పొడుగునా ఏ టాపిక్ వచ్చినా ఈ నాలుగు అడగాల్సిందే. మూడో ప్రశ్న ముఖ్యం, దారులు మూడే ఉంటాయి, ముక్కు, నోరు, చర్మం (కడుపులో బిడ్డకి తల్లి రక్తం నాలుగో దారి, పదో తరగతికి అది కూడా చెప్పొచ్చు). ఈ దారి అనేది పిల్లల బుర్రలో పడితే నివారణ మార్గాలు బట్టీ పట్టక్కర్లేదు, దారిని ఎక్కడ అడ్డుకోవచ్చో వాళ్లే చెప్తారు. మస్కిటో కాయిల్ ఒకటి చూపించి అడిగి చూడండి, తలుపులు కిటికీలు మూసుకుని రాత్రంతా కాయిల్ వెలిగించుకుంటే ఏది, ఎక్కణ్నుంచి, ఏ దారిన, ఎంత. దోమతెర కట్టుకుంటే సరిపోతుంది కదా సార్ అని రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు అంటారు.

ముందు మన బడి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మూసీ గురించి, ఢిల్లీ గురించి మాట్లాడే ముందు బడి ఆవరణ అంతా పిల్లల్ని గ్రూపులుగా తిప్పండి, నలుగురైదుగురికి ఒక నోట్‌బుక్, గంట సేపు. కనిపించినవి రాసుకురమ్మనండి. చాలా బడుల్లో మొదట దొరికేది పొద్దున్నే ఊడ్చి ఒక మూల కుప్పేసి అంటించే చెత్త, అందులో ఆకులు కాగితాలతో పాటు కుర్‌కురే కవర్లు, పాల ప్యాకెట్లు, పాత పెన్నులు అన్నీ ఉంటాయి. ప్రేయర్ టైముకి ఆ పొగ సరిగ్గా లైన్లలో నిలబడ్డ పిల్లల మీదికి వస్తుంది. ఆకుల పొగే మంచిది కాదు, దాంట్లో పీవీసీ ముక్కలు కలిసి తక్కువ వేడిలో కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, డయాక్సిన్లు అనే చాలా విషపు రసాయనాలు కూడా తయారవుతాయి. ఊడ్చే ఆయమ్మని తిట్టడానికి కాదు ఇది, చెత్త బండి రాకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది. తడి పొడి వేరు చేసి, ఆకులకి ఒక గుంత తవ్వి, ప్లాస్టిక్ బస్తాలో కట్టి పంచాయతీ ట్రాక్టర్‌కి ఇచ్చే ఏర్పాటు పిల్లలతోనే చేయించొచ్చు.

రెండోది మధ్యాహ్న భోజనం వంటగది. కట్టెల పొయ్యి అయితే ఆ పొగ పీల్చేది వండే అక్కలు. మూడోది టాయిలెట్లు. ఇది కాలుష్యం పాఠంలోకి ఎందుకు వచ్చింది అని కొందరు అంటారు, నాకైతే అన్నిటికన్నా ముందు రావాల్సిందే ఇది అనిపిస్తుంది. టాయిలెట్ బాగోదని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలు ప్రతి హైస్కూల్లో ఉంటారు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు, తలనొప్పులు అక్కణ్నుంచే. పర్యావరణ ఆరోగ్యం అంటే ఓజోన్ పొర ఒక్కటే కాదు కదా. అయితే ఈ విషయం క్లాసులో అందరి ముందు అడక్కండి, మేడమ్ ఎవరైనా ఆడపిల్లలతో విడిగా మాట్లాడితేనే నిజం బయటికొస్తుంది, లేదా పేరు రాయకుండా చీటీలు వేయించండి.

వంటగది దగ్గరున్నప్పుడే ఖాళీ డబ్బాల సంగతి చెప్పండి. 2013 జులైలో బీహార్‌లో సారణ్ జిల్లాలో ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది, ఆ మందు ఉంచిన డబ్బాలో నూనె పోశారని విచారణలో వచ్చింది. మన ఊళ్లల్లో మందు డబ్బాలు కడిగి బాత్రూంలో మగ్గులుగా, నీళ్లు పోసుకునే క్యాన్లుగా వాడటం మామూలే. డబ్బా మీద ఉండే రంగు త్రికోణం చదవడం ప్రతి పిల్లాడికీ రావాలి, ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా విషమే, ఆకుపచ్చ కదా మంచిదేమో అనుకునే పిల్లలు ఉంటారు, ఆ మాట గట్టిగా చెప్పాలి. డబ్బాలు క్లాసుకి తెప్పించొద్దు, ఫోన్‌లో ఫొటో తీసుకురమ్మంటే చాలు. పొలంలో నాన్న మందు కొట్టొచ్చి అదే చొక్కాతో చిన్న పిల్లని ఎత్తుకుంటే దారి ఏది అని అడగండి, చర్మం అనే జవాబు పిల్లలకి సులువుగా తట్టదు, ముక్కు అంటారు.

నీళ్లు: ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి

మాకు ఫ్లోరైడ్ ఉంది కాబట్టి దాంతోనే చెప్తా. ఫ్లోరైడ్‌లో ఉన్న సౌకర్యం ఏంటంటే ఇది ఎవరో ఫ్యాక్టరీ వాడు కలిపింది కాదు, గ్రానైట్ రాళ్లలోంచి భూగర్భ జలంలోకి కరిగి వచ్చేది, బోరు లోతుకి పోయిన కొద్దీ చాలా చోట్ల ఎక్కువవుతుంది. అంటే విలన్ లేని కథ. పిల్లలు వెంటనే అడుగుతారు, మరి ఇది కాలుష్యమా కాదా అని. అడగనివ్వండి, వాదించుకోనివ్వండి, మనిషి కలపలేదు నిజమే కానీ వెయ్యి అడుగులు తవ్వి తోడింది ఎవరు అనే దగ్గరికి వాళ్లే వస్తారు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్, తెలుగు నేల మీద దాని గురించి రాసింది కూడా ఇవాళ కాదు, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు ఊళ్లల్లో అది ఉందని డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు.

ప్రమాణం బోర్డు మీద రాయండి, మన దేశంలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు. ఇక లెక్క. నీళ్లలో 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి. 20 కిలోల చిన్న పిల్లాడు రోజుకి లీటరున్నర తాగితే 4.5 మిల్లీగ్రాములు, కిలో బరువుకి 0.225. నీడలో షాపులో కూర్చునే 60 కిలోల నాన్న మూడు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు, కిలోకి 0.15. ఎండలో ఉపాధి హామీ పనికెళ్లే 50 కిలోల అమ్మ అయిదు లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు, కిలోకి 0.3. నీళ్లు అవే, బోరు అదే, ఒంట్లోకి వెళ్లింది మాత్రం అమ్మకి నాన్నకన్నా రెట్టింపు. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి, బోర్డు మీద మీరు చేసేస్తే దాని పస పోతుంది. ఎవరికి ఎక్కువ అనే అయిదో ప్రశ్న ఇక్కణ్నుంచి పుడుతుంది, అది మొదటి రోజు బోర్డు మీద రాయకపోవడమే మంచిది.

తర్వాత ఒక చిన్న మెలిక ప్రశ్న వేయండి, నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా? క్లాసులో సగం పైన పోతుందనే అంటారు, టీచర్లని అడిగినా కొందరు అంటారేమో. క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు, అది ప్రాణం ఉన్నది కాదు కదా. పైగా నీళ్లు ఆవిరైపోయి మిగిలిన నీళ్లలో గాఢత పెరుగుతుంది. రెండు గ్లాసుల నీళ్లలో చెంచా ఉప్పు వేసి సగం అయ్యేదాకా మరగబెట్టి, మరగనివి మరిగినవి రెండింటికీ టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో అంచనా చెప్పేది) పెట్టి చూపించండి, కళ్లారా చూస్తారు. మీటర్ రీడింగ్ పరిధి దాటిపోకుండా ఉప్పు చిటికెడుకి తగ్గించుకోవాల్సి రావచ్చు.

నల్గొండ టెక్నిక్ గురించి మన పిల్లలకే తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేసిన పద్ధతి, సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేర్చి ఫ్లోరైడ్ తగ్గించడం, ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి చదివినా మన జిల్లా పేరు వస్తుంది. క్లాసులో ఇంకో పని చేయొచ్చు, మట్టి నీళ్లు రెండు గాజు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో పటిక తిప్పండి, పావుగంటలో తేరుకుంటుంది. చిల్లగింజ దొరికితే మూడో గ్లాసులో అరగదీసి కలపండి, మన తాతమ్మల పద్ధతి. కానీ ఒక మాట చెప్పడం మర్చిపోవద్దు, మట్టి పోవడం కంటికి కనిపిస్తుంది, ఫ్లోరైడ్ పోయిందో లేదో కనిపించదు, తేటగా ఉన్న నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. 2016 నుంచి మిషన్ భగీరథతో నది నీళ్లు రావడం వల్ల మా వైపు చాలా మార్పొచ్చింది, అయినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లు ఉన్నారు, నల్లా నీళ్ల రుచి నచ్చక వేరే నీళ్లు కొనుక్కునేవాళ్లూ ఉన్నారు, ఆ సర్వే పిల్లలతో చేయించండి, ఇంట్లో ఏ నీళ్లు దేనికి వాడతారు అని.

పరీక్షలకి ఏం కావాలి అంటే, టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి వస్తుంది, పీహెచ్ పేపర్ ల్యాబ్‌లో ఉంటుంది. నీటి పరీక్ష కిట్లు గ్రామాలకి ఇచ్చారు, పంచాయతీలోనో ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ల దగ్గరో అడిగితే సీలు తియ్యకుండా అటక మీద ఉన్నవి దొరకొచ్చు, గడువు తేదీ చూసుకోండి. దాంట్లో ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్ లాంటివి రంగు చూసి చెప్పొచ్చు. చిన్న సీసా ఒకటి ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట ఉంచితే, నీళ్లు నల్లబడితే మలం కలిసిన నీళ్లని అనుమానించాలి. నల్లబడ్డ సీసా పిల్లల చేతికి ఇవ్వకండి, మీరే బ్లీచింగ్ వేసి పారబోయండి. ఏదైనా తేడా వస్తే జిల్లా నీటి ల్యాబ్‌కి పంపి ఖాయం చేసుకున్నాకే ఊళ్లో చెప్పాలి, కిట్ అనేది అనుమానం వరకే.

ఇప్పుడు అసలు మజా. ఇంటింటికీ వచ్చి ఆర్‌ఓ మిషన్ అమ్మేవాళ్లు ఒక డెమో చేస్తారు చూశారా, రెండు గ్లాసులు, ఒకదాంట్లో మీ నల్లా నీళ్లు, ఒకదాంట్లో వాళ్ల ఆర్‌ఓ నీళ్లు, కడ్డీలున్న మిషన్ రెండింట్లో పెట్టి కరెంట్ ఇస్తే మీ నీళ్లు ఎర్రటి గోధుమరంగు బురదలా అయిపోతాయి, చూశారా మేడం మీరు తాగేది ఇదీ అంటారు. అమ్మ హడలిపోయి అడ్వాన్స్ ఇచ్చేస్తుంది. ఆ రంగు నీళ్లలోది కాదు, ఇనప కడ్డీ కరెంట్‌కి కరిగి వచ్చిన తుప్పు. లవణాలున్న నీళ్లలో కరెంట్ పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, ఆర్‌ఓ నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంట్ పెద్దగా పారదు, రంగు రాదు. విద్యుత్ విశ్లేషణ పాఠం మీరు ఎలాగూ చెప్తారు కదా, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు ఇనప మేకులు తీసుకుని క్లాసులోనే చేయండి, తర్వాత ఆర్‌ఓ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టండి, అవి కూడా బురదవుతాయి. పిల్లలు అరుస్తారు. గది కిటికీలు తెరిచి ఉంచండి, ఆ నీళ్లు ఎవరూ నోట్లో పెట్టకుండా పారబోయండి. దీనికి వెనకే టీడీఎస్ మీటర్ గురించి నిజం చెప్పాలి, అది కరిగిన లవణాల మొత్తం అంచనా చెప్తుంది అంతే, దాంట్లో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, క్రిములు ఉన్నాయో లేదో అసలే చెప్పదు. టీడీఎస్ 150 ఉన్న నీళ్లలో కలరా క్రిములు ఉండొచ్చు, 600 ఉన్నా తాగితే ఏం కాకపోవచ్చు, మన ప్రమాణంలో 500 మంచిది, వేరే గతి లేకపోతే 2000 దాకా.

హైదరాబాద్ పక్కన ఉన్న పటాన్‌చెరు గురించి ఒక లెక్క మాత్రం చెప్పి ముందుకెళ్తా. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థ జలం శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. మెడికల్ షాపులో దొరికే మాత్ర 500 మిల్లీగ్రాములు, భాగించమనండి, పదహారు లీటర్లకి ఒక మాత్ర, అంటే బిందెకి ఒకటి. ఆ నీళ్లు తాగిన మనిషికి ఏమవుతుంది అని పిల్లలు అడుగుతారు, మీరు ప్రశ్న తిప్పండి, ఆ నీళ్లలో బతికే బ్యాక్టీరియాకి ఏమవుతుంది అని. చచ్చేవి చస్తాయి, చావనివి మిగిలి పెరుగుతాయి, పదో తరగతి పరిణామం పాఠం అక్కడికక్కడే అయిపోతుంది, మందులకి లొంగని ఇన్ఫెక్షన్లు ఎందుకొస్తున్నాయో కూడా.

గాలి

చౌక పని ఒకటుంది, తెల్ల అట్టముక్కలకి పల్చగా వాజ్‌లైన్ రాసి గేటు దగ్గర, వంటగదిలో, బ్లాక్‌బోర్డు పక్కన, చెట్టు కింద వేలాడదీసి నాలుగు రోజుల తర్వాత సెంటీమీటర్ గడిలో ఎన్ని చుక్కలున్నాయో భూతద్దంతో లెక్కపెట్టడం. బాగుంటుంది, కానీ దాంతోనే ఆపకండి. అట్టకి అంటేది పెద్ద దుమ్ము, దాన్ని ముక్కు వెంట్రుకలు చాలావరకు ఆపేస్తాయి. లోపలికి పోయి ఊపిరితిత్తుల అడుగుదాకా, అక్కణ్నుంచి రక్తంలోకి దిగేది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు, వెంట్రుక మందంలో పాతికో వంతు ముప్పయ్యో వంతు ఉంటుంది, అట్ట మీద భూతద్దానికి కనిపించదు.

ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, చదవడం నేర్పండి, 2015 నుంచి మన దేశానికి సొంత స్కేల్ ఉంది, కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం లాంటి స్టేషన్ల లెక్కలు వస్తాయి. 50 దాకా బాగుంది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా మధ్యస్థం, 300 దాకా చెడ్డది, ఆపైన చాలా చెడ్డది, 400 దాటితే తీవ్రం. ఎనిమిది కాలుష్యకాలు చూస్తారు కానీ చివర్లో ఇచ్చే అంకె సగటు కాదు, వాటిల్లో ఏది అన్నిటికన్నా చెడ్డగా ఉందో దాని అంకె. ఇది పిల్లలకి భలే నచ్చుతుంది, ఆరు సబ్జెక్టుల్లో ఒక్కటి తప్పినా టెన్త్ ఫెయిలే కదా సార్ అన్నట్టు.

ఇక్కడ ఒక వాదన పుట్టించాలి. గాలిలో పీఎం 2.5 ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన స్కేల్‌లో అది 100, సంతృప్తికరం, ఆకుపచ్చ రంగే. అమెరికా స్కేల్ వాడే యాప్‌లో అదే గాలికి 150 దాటుతుంది, అనారోగ్యకరం, ఎర్ర రంగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది రోజుకి 15 మించొద్దని. గాలి ఒకటే, మూడు తీర్పులు. ఎవరు కరెక్ట్ అని అడిగితే క్లాసు రెండుగా చీలుతుంది, ఆ పీరియడ్‌లో మీరు మాట్లాడాల్సింది ఏమీ ఉండదు. ప్రమాణం అంటే సైన్స్ ఒక్కటే కాదు, దేశం ఎంత చేయగలదు, ఎంత ఖర్చు పెట్టగలదు అనేది కూడా దాంట్లో ఉంటుందని సోషల్ మేడమ్ వచ్చి చెప్తే ఇంకా మంచిది. పల్లెటూళ్లకి ఫోన్‌లో కనిపించే ఏక్యూఐ మాత్రం జాగ్రత్త, అక్కడ స్టేషన్ లేకపోతే అది ఉపగ్రహాల నుంచో దూరపు స్టేషన్ నుంచో వేసిన అంచనా.

వరి కోశాక కొయ్యలు కాల్చడం, భోగి మంటల్లో టైర్లు వేయడం, ఇవి చలికాలంలో వచ్చే టాపిక్‌లు, చల్లగాలి కింద ఉండి పొగ పైకి పోదు కాబట్టి అప్పుడే ఎక్కువ. కానీ క్లాసులో సగం మంది రైతు పిల్లలు, మీ నాన్న తప్పు చేస్తున్నాడు అనే అర్థం వచ్చిందో పాఠం అక్కడితో సరి. ఎందుకు కాలుస్తున్నారో ఇంట్లో అడిగి రమ్మనండి, కూలీల రేటు, తర్వాతి పంటకి మధ్యలో ఉన్న టైమ్, గడ్డి కట్టలు కట్టే మిషన్ అద్దె, ఇవన్నీ తెచ్చాక అప్పుడు మాట్లాడండి. డీజే సౌండ్ గురించి అయితే పిల్లలు మనకన్నా ముందుంటారు, ఫోన్ యాప్‌తో కొలిపించండి, కచ్చితంగా ఉండదు కానీ పోల్చుకోడానికి చాలు, స్కూలు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కింద పెడితే పగలు 50 డెసిబెల్స్ పరిమితి, 10 పెరిగితే శక్తి పది రెట్లు అని చెప్తే చాలు.

గ్యాస్ లీక్‌ల గురించి ఒక పీరియడ్ తప్పకుండా పెట్టండి, ఫ్యాక్టరీలు, ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు దగ్గరున్న బడులైతే మరీ. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, లాక్‌డౌన్‌లో ఆగిపోయిన ప్లాంటు ట్యాంకులో వేడి పెరిగిపోయింది. స్టైరీన్ ఫార్ములా సి8హెచ్8, అణుభారం 104. గాలి సగటు 29. భాగిస్తే మూడున్నర రెట్లకి పైన బరువు, అందుకే నేల మీద పాకింది, పల్లంలో చేరింది. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ 57, క్లోరిన్ 71. మేడ మీదికెళ్లాలా, రోడ్డు మీద పడి పరుగెత్తాలా అని అడగండి. గాలి ఎటు వీస్తోందో జెండా చూసి, ఆ గాలికి అడ్డంగా పక్కకి పోవాలి, గాలితో పాటు పరుగెత్తితే గ్యాస్ కూడా మీతోనే వస్తుంది, తడి గుడ్డ ముక్కుకి పెట్టుకోవాలి. అమోనియా 17 కదా సార్ తేలిక, పైకి పోతుంది అని తెలివైన పిల్ల ఎవరైనా అంటే శభాష్ అని, ద్రవంగా నిల్వ ఉన్నది లీకైతే చల్లటి మబ్బులా నేలనంటుకునే వస్తుందని చెప్పండి.

తెలియనిది కూడా పాఠమే

పిల్లలకి అలవాటేంటంటే జబ్బు ఉంది, పక్కన ఫ్యాక్టరీ ఉంది, అదే కారణం, అయిపోయింది. దీనికి మందు ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తోంది, షుగర్ బీపీ లేనివాళ్లకి కూడా. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పని చేయడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, జన్యువులు అన్నారు, ఇదే కారణం అని ఇంతవరకు తేలలేదు. క్లాసుని గ్రూపులు చేసి ఒక్కో గ్రూపుకి ఒక్కో కారణం ఇవ్వండి, మీ కారణమే నిజమైతే ఏం కనిపించాలి, మగవాళ్లకి ఎక్కువ రావాలా, ఒకే బోరు తాగే ఇంట్లో అందరికీ రావాలా, నీళ్లు మార్చాక ఎన్నేళ్లకి తగ్గాలి అని అడగండి. కారణం తేలకపోయినా హిరమండలం నుంచి మంచి నీళ్లు తెచ్చారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టారు, అంటే పూర్తిగా తెలిసేదాకా ఆగక్కర్లేదు అనేది కూడా చర్చకి పెట్టొచ్చు.

కొన్ని జాగ్రత్తలు, ఇవి నాకు పాఠం కన్నా ముఖ్యం. పళ్లకి పసుపు గారలున్న పిల్లాణ్ని నిలబెట్టి ఫ్లోరోసిస్ అంటే ఇదిగో అని చూపించొద్దు, జన్మలో మర్చిపోడు. ఎనిమిదేళ్ల లోపు పళ్లు తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ల వల్ల వచ్చేది అది, వాడి శుభ్రతకి దానికి సంబంధం లేదు, ఆ మాట క్లాసు మొత్తానికి మామూలుగా చెప్పండి, వాడికి అదే పెద్ద ఉపకారం. మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో చెప్పండి అని చేతులెత్తించడం కూడా వద్దు, ఊళ్లో పెళ్లిసంబంధాలు చెడతాయి, సర్వే కాగితాల మీద పేర్లు ఉండకూడదు. మురుగు కాలువలు, ఫ్యాక్టరీ వదిలే నీళ్లు పిల్లలతో తీయించొద్దు, గట్టు మీంచి చూడటం, ఫొటో, వాసన ఎంత దూరం నుంచి వస్తోంది, అంతవరకే. ఫ్యాక్టరీలో పని చేసే వాళ్ల పిల్లలు క్లాసులో ఉంటారు, ఆ కూలి డబ్బుతోనే ఇల్లు గడుస్తుంది, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి. భయపెట్టడం మాత్రం చాలా తేలిక, గంటలో భయపెట్టేయొచ్చు, అందుకే ప్రతి పీరియడ్ చివర్లో దారిని ఎక్కడ ఆపొచ్చు అనే ప్రశ్న ఉండాలి.

హెచ్‌ఎమ్ గారు సిలబస్ అవ్వట్లేదు ఇవన్నీ ఎందుకు అంటే, ఎం.సి.మెహతా అనే పర్యావరణ న్యాయవాది వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణ విద్య తప్పనిసరి అందని చెప్పండి, కోర్టు మాటంటే ఆఫీసులో బాగా పనిచేస్తుంది. వచ్చిన ఫలితాలని చార్టులు చేసి గోడకి అంటించి వదిలేయకుండా, ఒక పేజీ లెటర్ పిల్లలతో రాయించి పంచాయతీకి ఇప్పించండి, ఫలానా బోరు, ఫలానా తేదీ, ఇంత వచ్చింది, ల్యాబ్‌లో చూపించమని కోరుతున్నాం, అంతే, ఆరోపణలు వద్దు. గ్రామసభలో ఇద్దరు పిల్లలు చదివితే సర్పంచ్ కూడా కాదనలేడు.

పరీక్షలో కాలుష్యాన్ని నిర్వచించుము అని అడగడం మానేయండి. ఇవాళ ఏక్యూఐ 240, పొద్దున ఏడింటికి స్పోర్ట్స్ మీట్, నువ్వు పీఈటీ సార్‌వి, ఏం చేస్తావు, ఆస్తమా ఉన్న పిల్లాడికి ఏం చెప్తావు. ఆర్‌ఓ అమ్మేవాడు మీ అమ్మకి డెమో చేస్తున్నాడు, నువ్వు ఏ మూడు ప్రశ్నలు అడుగుతావు. ఇలాంటివి రెండిస్తే చాలు, ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

ఏది ఎప్పుడు అంటే, జూన్ జులైలో బడి ఆడిట్, వానలు పడ్డాక నీళ్ల సీసా పరీక్ష, ఎందుకంటే కొత్త నీళ్లతో పాటే మురుగు కలిసేది అప్పుడే. వినాయక చవితికి సౌండ్. దసరా తర్వాత ఫ్లోరైడ్ లెక్కలు, నవంబర్ నుంచి సంక్రాంతి దాకా గాలి, డిసెంబర్ 2 భోపాల్ రోజు కాబట్టి గ్యాస్ పీరియడ్ అప్పుడు. ఫిబ్రవరి తర్వాత పదో తరగతి వాళ్లని కదిలించకండి. ఎండలు ముదిరాక బోర్లు అడుగంటినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరైనా అవే బోర్ల టీడీఎస్ మళ్లీ తీసి పాత రిజిస్టర్‌లోనే పక్క గడిలో రాసిపెడితే, జూన్‌లో వచ్చే బ్యాచ్‌కి మొదటి రోజు బోర్డు మీద పెట్టడానికి వాళ్ల ఊరి అంకెలే ఉంటాయి.